బరువు మోయు అధికారి
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కంప్యూటరు వేగమనగానే మనము ప్రాసెసరును మాత్రమే తలంతుము. కాని యంత్రమున బిగించిన కార్డునకును మెమరీకిని నడుమ మార్గము ఇరుకైనచో, ఎంత చురుకైన ప్రాసెసరైనను చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే.

ఒక కార్యాలయమును ఊహింపుడు. టపాలో వచ్చిన ప్రతి కాగితమును అధికారియే లేచి రికార్డు గదికి చేర్చుచున్నచో, ఆయన ఉత్తరువులు వ్రాయుట యెప్పుడు? తొలినాటి కంప్యూటర్లలో పెక్కు కార్డుల విషయమున జరిగినది ఇదియే. దీనికి విరుగుడు డి.ఎం.ఏ. అను పద్ధతి. ఇందు ప్రాసెసరు "ఈ కట్టను ఆ బీరువాలో పెట్టుడు" అని ఆజ్ఞ యిచ్చి తన పని తాను చూచుకొనును. మోత ముగియగానే ఇంటరప్టు అను గంట మ్రోగును. 1981 నాటి ఐబీఎం పీసీలో ఇందుకొక ప్రత్యేకమైన చిప్పు ఉండెను. తరువాత కార్డులే ఆ పని నేర్చినవి.

రెండవ ఉపాయము, కాగితమునకొక చీటీ మాని కట్టకొక చీటీ వ్రాయుట. 1992లో వెలువడిన పీసీఐ మార్గము చిరునామాను ఒక్కసారి చెప్పి, దాని వెంట సమాచారమును వరుసగా పంపగలిగెను. 32 బిట్ల వెడల్పుతో, 33 మెగాహెర్ట్జులతో సెకనునకు గరిష్ఠముగా 133 మెగాబైట్లు సాగెడివి. అయినను కార్డులన్నియు ఆ ఒక్క బాటనే పంచుకొనవలసివచ్చెను. 2003 నాటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుకార్డునకు వేరు బాటలు వేసినది. ఒక్కొక్క లేనుపై ఒక్కొక్క దిశలో సెకనునకు 250 మెగాబైట్లు. అప్పుడు 8 బిట్ల సమాచారమునకు 10 బిట్లు పంపవలసియుండెను; 2010 నాటి మూడవ తరమున 128 బిట్లకు 130 చాలినవి.

ఇక స్వానుభవము. కొన్నియేండ్ల క్రిందట నేను పనిచేసిన యొక కార్యాలయమున పింఛను పత్రముల ప్రతులను నిలువచేయు యంత్రము మందగించెను. అర్జీలు పేరుకొనెను. క్రొత్త యంత్రమునకై ప్రతిపాదన సిద్ధమైనది. సంతకమునకు ముందు మూత తీసి చూచితిమి. కార్డునకు ఎనిమిది లేన్లు కావలెను. దానిని బిగించిన స్లాటు పదునారు లేన్ల పొడవు గలదే. కాని లోపల కలిపినది ఒక్క లేను మాత్రమే! కార్డును ప్రక్క స్లాటునకు మార్చితిమి. ఒక్క పైసా ఖర్చు లేదు. అర్జీలు కదలినవి.

కావున నా మనవి యొక్కటే. యంత్రము మందగించినప్పుడు క్రొత్తది కావలెనని వ్రాయుటకు ముందు, దారి యెచ్చట ఇరుకైనదో పరిశీలింపుడు. వ్యయమగునది ప్రజాధనము. పింఛనునకై వేచియుండువారు నేడు మన పెద్దలు, రేపు మనమే.