లెక్కకెక్కని పద్దులు

(పఠనమందిర సభయందు చేయబడిన ఉపన్యాసపాఠము)



వర్తకుడు సంవత్సరాంతమున జమాఖర్చులు సరిచూచుకొని, మిగులున్నచో వ్యాపారము బాగున్నదనును. ఇందు దోషము లేదు. మిగులు లేని వ్యాపారము నిలువనేరదు. అయితే ఆ పుస్తకమున కెక్కని పద్దులు రెండున్నవి. ఈ మిగులునకై పాటుపడినవారి బ్రతుకు ఎట్లున్నది? నేలయు నీరును ఎట్లున్నవి? ఈ మూడింటిని కలిపి చూడవలెనను వాదమునకు 1994లో జాన్ ఎల్కింగ్టన్ అను ఆంగ్లేయుడొక పేరు పెట్టెను. పేరు క్రొత్తదియే గాని విచారము మనకు క్రొత్తది కాదు. ఖద్దరు ధర పెరిగినను సరియే, వడికెడు స్త్రీకి కడుపునిండు కూలి ముట్టవలెనని 1935లోనే గాంధీమహాత్ముడు పట్టుపట్టెను.

మన పొందూరునే చూడుడు. వాలుగచేప దవడయెముకతో ప్రత్తి దువ్వి, నూరవ నంబరు నూలు వడికెడు స్త్రీలు అచట నేటికిని ఉన్నారు. ధరయొక్కటే చూచినచో మిల్లుగుడ్డ గెలుచును. కాని పొందూరు బట్టకిచ్చిన రూపాయిలో వడికినవారికి, నేసినవారికి, ప్రత్తి పండించినవారికి భాగమున్నది. ఆ పనికి బొగ్గు అక్కరలేదు. అయినను ఈ కొలత ఖద్దరును సైతము విడువదు. దినమంతయు రాట్నము త్రిప్పినను ఇల్లు గడవనిచో, ఆ తల్లి తన కూతును రాట్నముకడ కూర్చుండబెట్టునా? కూలి చాలని ఖద్దరు, ఎంత సన్ననిదైనను, రెండవ పద్దులో నష్టమే.

ఇక సోంపేట బీల. కాగితములపై అది పనికిరాని నేల. ప్రజల కన్ననో, వరిచేలకు నీరు, జాలరులకు చేపలు, పసులకు మేత. అచట బొగ్గు విద్యుత్కేంద్రము వలదని నిలిచిన జనముపై 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపిరి, ప్రాణములు పోయినవి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దుచేసెను. ముందే లెక్కించవలసిన పద్దును తరువాత నెత్తురుతో వ్రాయవలసివచ్చెను.

చట్టము లేదా యందురేమో. ఉన్నది. 2013 కంపెనీల చట్టము 135వ సెక్షను ననుసరించి పెద్ద కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు సంఘసేవకు వెచ్చింపవలెను. మంచిదే. కాని ఇది లాభము వచ్చిన పిమ్మట చేయు వ్యయము. ఆ లాభమెట్లు వచ్చెనో అడుగదు. చెరువు చెరచినవాడు బడికి బల్లలిచ్చినంతమాత్రమున చెరువు బాగుపడునా? 2022-23 నుండి లిస్టయిన మొదటి వేయి కంపెనీలు నీటివాడుక, కాలుష్యము, కార్మికుల క్షేమములను గూర్చి నివేదిక సమర్పింపవలెనని సెబీ విధించినది. అది ముందడుగే. కాని ఆ నివేదిక మదుపుదారుని కొరకు. ఫ్యాక్టరీ గోడప్రక్కనున్న రైతు కొరకు కాదు.

కావున మనము కోరవలసినది ఒక్కటి. ప్రతి కర్మాగారమును ఏటేట ఒక తెలుగుపత్రము ప్రకటింపవలెను: ఈ చుట్టుపట్ల వారెందరికి పని యిచ్చినది, ఎంత కూలి, ఎంత నీరు తోడినది, ఏ నీరు విడిచినది. దానిని గ్రామసభలో చదువవలెను. ప్రశ్నించుటకు ప్రజలకు హక్కుండవలెను. పైడిభీమవరము మందుల ఫ్యాక్టరీలకైనను, నెల్లిమర్ల జనుపమిల్లుకైనను, పొందూరు ఖాదీకైనను కొలత ఒక్కటే. చదువుకొన్న పట్టణవాసులు ఈ కోర్కెను ముందు నిలిచి అడుగవలెను. లాభము వర్తకునిది కావచ్చును. నేలయు నీరును అందరివి. వానిలెక్క అడుగుట మన హక్కు మాత్రమే కాదు, విధియును.