చిన్న బోటు దీపాలకు ఎల్.ఇ.డి. బల్బులు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు మాకు పది నిమిషాలే ఇచ్చారు. నలభై అయిదు నిమిషాల పీరియడుకు అలవాటుపడ్డ వాళ్లం, పది నిమిషాలంటే మాకు కష్టమే. కావున చుట్టూ తిరగకుండా విషయానికి వస్తాము.

మన సభ్యుల కుటుంబాల్లో బ్యాటరీ దుకాణాల వారున్నారు, వైరింగు పనివారున్నారు, ఇంజను మిస్త్రీలున్నారు. మా దగ్గర చదివి ఆ పనుల్లోకి పోయిన పిల్లలూ ఉన్నారు. బందరు గిలకలదిండి హార్బరులో బోట్లు కట్టుకునేవారు వీళ్ల దగ్గరికొచ్చి, "దీపాలన్నీ ఎల్.ఇ.డి.కి మార్చిపెట్టు భాయ్" అంటున్నారు. మంచి పనే. కాని బల్బు తీసి బల్బు పెట్టడమే గదా, ఇందులో ఏముందిలే అనుకుంటున్నారు చూడండి, అక్కడే మాకు భయం.

మొదట లాభం చెప్తాము. ఇది ఏడో తరగతి లెక్క. చిన్న బోటుకు మూడు దీపాలు: ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు. ఒక్కొక్కటి 10 వాట్ల తీగ బల్బు అనుకుందాం. మొత్తం 30 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు గనుక 2.5 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. సాయంత్రం 6 నుంచి తెల్లవారుజాము 5 దాకా 11 గంటలు వెలిగితే 27.5 ఆంపియర్-గంటలు ఖర్చు. 75 ఆంపియర్-గంటల సీసపు బ్యాటరీని సగానికి మించి దింపితే దాని ఆయుష్షు పోతుంది, అనగా మనం వాడుకోదగింది 37 చిల్లర. దీపాలే అందులో ముప్పాతిక తినేస్తే రేడియోకేం మిగులుతుంది, పొద్దున ఇంజను తిప్పడానికేం మిగులుతుంది? అందుకనే సముద్రం మీద వల వేసుకుని కూర్చున్నప్పుడు, "బ్యాటరీ దిగిపోతుందిరా, దీపాలు ఆర్పెయ్" అంటారు. చీకట్లో దీపం లేని బోటు సముద్రానికి లేనట్టే.

అదే మూడు దీపాలు 2 వాట్ల ఎల్.ఇ.డి. అయితే 6 వాట్లు, అర ఆంపియరు, రాత్రంతా కలిపి 5.5 ఆంపియర్-గంటలు. ఆర్పాల్సిన పని లేదు. అసలు లాభం ఇదే. బల్బు పదేళ్లు వస్తుందని అమ్మేవాడు చెప్పే మాట ఉప్పుగాలిలో ఎంతవరకు నిలుస్తుందో అనుభవం మీద చూసుకోవలసిందే.

ఇక జాగ్రత్తల మాట. ఇంట్లో దీపం మనం చూడడానికి. బోటు మీద ఎరుపు పచ్చ దీపాలు మనం చూడడానికి కావు, అవతలివాడు మనల్ని చదువుకోవడానికి. అణియం వైపు తిరిగి నిలబడితే కుడి పక్క పచ్చ, ఎడమ పక్క ఎరుపు. మా పిల్లలకు సులువు చెప్తాం: ఉర్దూ పుస్తకం కుడి నుంచి మొదలవుతుంది గదా, మొదట సబ్జ్, తరువాత సుర్ఖ్. ఎదుటి ఓడవాడికి మన ఎరుపు ఒక్కటే కనపడితే మన ఎడమ పక్క అతనివైపుందని అర్థం, రెండూ కనపడితే తిన్నగా తనమీదికే వస్తున్నామని అర్థం. 1972లో కుదిరి 1977లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నియమాలు ఈ దీపాలకు కోణం, దూరం కొలతలు పెట్టాయి. ఒక్కొక్క పక్క దీపం 112.5 డిగ్రీల మేరకే కనపడాలి. 12 మీటర్ల లోపు బోటుకు పక్క దీపాలు 1 నాటికల్ మైలు, అంటే 1.85 కిలోమీటర్లు, తెల్ల దీపం 2 మైళ్లు కనపడాలి.

ఈ మైలు ఎందుకో ఆలోచించండి. 15 నాట్ల వేగంతో వచ్చే సరుకు ఓడకు మైలు దూరం 4 నిమిషాల ప్రయాణం. మన ఎరుపు దీపం అర మైలు దాకానే కనపడితే మిగిలేది 2 నిమిషాలు. అంత పెద్ద ఓడ రెండు నిమిషాల్లో ఆగదు.

మరి ఎరుపు దీపం ఎందుకు మసకబారుతుంది? 1962లో ఎర్ర ఎల్.ఇ.డి. వచ్చింది. మంచి నీలి ఎల్.ఇ.డి. కోసం ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది. ఆ పని చేసిన అకసాకి, అమనో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతి ఇచ్చారు. మనం తెల్ల ఎల్.ఇ.డి. అంటున్నది లోపల నీలిదే, పైన పసుపుపచ్చని పూత. ఆ పూత కొంత నీలిని పసుపుగా మారిస్తే రెండూ కలిసి కంటికి తెలుపు అనిపిస్తుంది. ఆ తెలుపులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర గాజు ఎరుపును మాత్రమే బయటికి పోనిస్తుంది. లోపల లేనిది బయటికెలా వస్తుంది? తీగ బల్బులో ఎరుపు దండిగా ఉండేది, అందుచేత అదే గాజు వెనక అది బాగా వెలిగింది. పచ్చగాజు వెనక ఇదే తెల్ల బల్బు పెడితే వెలుగు నీలం వైపు జారుతుంది. కాబట్టి ఎర్ర గాజు వెనక ఎర్ర ఎల్.ఇ.డి.యే, పచ్చ గాజు వెనక పచ్చ ఎల్.ఇ.డి.యే పెట్టాలి. మూడింటికీ తెల్ల బల్బు చాలుననే దుకాణదారు మాట వినకండి.

కోణం సంగతీ అంతే. పాత డోము లోపల సన్నని తీగ ఒక్కచోట నిలబడి వెలిగేది. దాన్నిబట్టే గాజు, అడ్డురేకు చేశారు. మొక్కజొన్న కంకిలా చుట్టూ గింజలు పొదిగిన బల్బు దాంట్లో దూరిస్తే వెలుగు అంచు చెదిరిపోతుంది. ఎరుపు పచ్చలు రెండూ కనపడకూడని చోట కనపడతాయి. పక్కకు పోతున్న మనల్ని ఎదురొస్తున్నామని అవతలివాడు చదువుకుంటాడు. చేతిలో డబ్బుంటే బల్బు కాదు, మొత్తం దీపాన్నే కొలతల ధ్రువీకరణతో వచ్చిన ఎల్.ఇ.డి. దీపంగా మార్చుకోవడం మేలు.

వోల్టులు కూడా చూడాలి. 12 వోల్టుల బ్యాటరీ ఇంజను చార్జి చేస్తున్నప్పుడు 14 దాటుతుంది. చవక బల్బు అక్కడే మాడుతుంది. 10 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకుంటుందని రాసి ఉన్నది కొనండి. ప్లస్సు మైనస్సు తిరగబడితే చాలా ఎల్.ఇ.డి.లు వెలగవు, పాడైందని పారేసేముందు తిప్పి చూడండి. హోల్డరులో చిలుము గీకండి.

రేడియో మాట ఒకటి ఎవరూ చెప్పరు. కొన్ని ఎల్.ఇ.డి.ల లోపలి సర్క్యూటు వి.హెచ్.ఎఫ్. రేడియోలోకి గరగర పంపిస్తుంది. అమెరికా కోస్ట్ గార్డు 2018లో దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. పరీక్ష తేలికే. దీపాలార్పి, రేడియోను మాటల్లేని చానలులో పెట్టి, స్క్వెల్చి మీటను గరగర సరిగ్గా ఆగేదాకా తిప్పండి. ఇప్పుడు దీపాలు వేయండి. గరగర మళ్లీ మొదలైతే ఆ బల్బు ఆ బోటుకు పనికిరాదు. ఆపదలో సహాయానికి పిలిచే 16వ చానలు ఆ రేడియోలోనే ఉంది మరి.

కొందరు యజమానులు, "ఎల్.ఇ.డి. నిషేధం గదా మాస్టారూ" అంటున్నారు. అది వేరు. 2017 నవంబరు 10న కేంద్ర ప్రభుత్వం నిషేధించింది పెద్ద లైట్లు వేసి చేపల్ని పోగుచేసి పట్టడాన్ని. ఆ వెలుగుకు పిల్ల చేపలూ వచ్చి పడతాయి. బోటు గుర్తు దీపాలకు ఆ నిషేధం లేదు.

చివరకు పని ముగిశాక హార్బరులో నిలబడి "బ్రహ్మాండంగా వెలుగుతున్నాయి" అనుకుని రాకండి. చీకటి పడ్డాక సరంగును మైలు దూరం పొమ్మని, ఒడ్డున నిలబడి చూడండి. ఎడమ పక్క తిప్పమనండి, కుడి పక్క తిప్పమనండి, అమరం చూపమనండి. ఫోనులో అతను ఏ పక్క చెప్తున్నాడో మీకు కనపడే రంగు అదే అయితే, అప్పుడు కూలి పుచ్చుకోండి.