చిరునామా మోసుకుపోయిన చేప

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత పోస్టుమాస్టరు చేసిన ప్రసంగపాఠం)



అమెరికా యాత్ర గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నయాగరా గురించి మన సభ్యులు చాలామంది ఇదివరకే చెప్పారు. అందుచేత నేను ఒక చేప గురించి చెబుతాను. తపాలా శాఖలో ముప్పై ఆరేళ్లు పనిచేసినవాడికి చేపలతో ఏం పని అని నవ్వుకోకండి. సంబంధం ఉంది.

2016 సెప్టెంబరులో బోస్టన్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. ఒకరోజు తెల్లవారుజామున మా అల్లుడు నన్ను గ్లాస్టర్ రేవుకు తీసుకువెళ్లి అద్దె పడవ ఎక్కించాడు. బ్లూఫిన్ ట్యూనాను గాలంతో పట్టడం అక్కడ పెద్ద వినోదం. మన తీరంలో సూర అంటామే, ఆ జాతిలో ఇది పెద్దన్న. 1979లో కెనడాలోని నోవా స్కోషియా దగ్గర గాలానికి చిక్కిన చేప 679 కిలోలు తూగింది. ఈ చేప ఒంట్లో వేడి నిలుపుకోగలదు. అందుకే చన్నీళ్లలోనూ బాణంలా పోతుంది.

బతికున్న చిన్న చేపను ఎరగా వేశాం. రెండు గంటల తర్వాత రీలు గిర్రున తిరిగింది. మా అల్లుడు నడుముకు పట్టీ బిగించుకుని లాగుతుంటే, కెప్టెన్ పడవను చేప వెంట నడిపాడు. యాభై నిమిషాలకు అది పడవ పక్కకు వచ్చింది. దాదాపు ఆరడుగులు! నేను చప్పట్లు కొట్టాను. అంతలో కెప్టెన్, "దీన్ని వదిలేద్దాం" అన్నాడు. మా అల్లుడు సరేనన్నాడు.

నాకు ప్రాణం ఉసూరుమంది. ఇంత డబ్బు పోసింది వదిలెయ్యడానికా?

చేపను నీళ్లలోంచి తియ్యకుండానే, కెప్టెన్ వీపు రెక్క దగ్గర సన్నని ప్లాస్టిక్ పట్టీ గుచ్చాడు. దాని మీద ఒక నంబరు, ఒక చిరునామా! మొప్పల్లోకి నీరు ఆడేలా కాసేపు పడవను మెల్లగా నడిపి, చేపను వదిలాడు. అలసట ఎక్కువైతే వదిలిన చేప కూడా చచ్చిపోతుందట. తర్వాత ఒక కార్డు నా చేతికిచ్చి నింపమన్నాడు. తేదీ, స్థలం, పొడవు. రిటైరయ్యాక లైఫ్ సర్టిఫికెట్టు తప్ప ప్రభుత్వ కాగితం నింపి ఎరగనివాణ్ణి. గుండ్రని అక్షరాలతో రాసి, నేనే పోస్టు చేశాను.

ఈ పద్ధతిని 1954లో వుడ్స్ హోల్ సంస్థకు చెందిన ఫ్రాంక్ మాథర్ ప్రారంభించారు. అమెరికా వైపు పట్టీ కట్టిన చేపలు కొన్ని ఐరోపా వైపు దొరికాయి. దాంతో ఒక్క దేశం కట్టడి చేస్తే చాలదని రుజువైంది. ఒకప్పుడు పిల్లుల మేతకు పోయిన ఈ చేప, 1970ల నుంచి విమానాల్లో టోక్యో చేరి బంగారమైంది. వేట మితిమీరింది. 2010లో అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలన్న ప్రతిపాదన దోహా సమావేశంలో వీగిపోయింది. 2011లో అట్లాంటిక్ బ్లూఫిన్‌ను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. దేశాలు కలిసి కోటాలు తగ్గించి, నిఘా పెంచాక పరిస్థితి మెరుగుపడి, 2021లో ఆ జాబితా నుంచి తొలగించారు. అయితే పడమటి అట్లాంటిక్ మంద ఇంకా బాగా తగ్గే ఉందని అప్పుడే హెచ్చరించారు.

ఆ రోజు నేను డబ్బు లెక్క చూశాను. వేలమంది అలా వదిలి, కార్డు రాసి పోస్టు చేయబట్టే ఈ సంగతులు తెలిశాయని తర్వాత గ్రహించాను. మా చేప కబురు ఇంతవరకు రాలేదు. జవాబు రానంత మాత్రాన ఉత్తరం చేరనట్లు కాదని మనకు తెలియనిదా!

చివరగా ఒక మనవి. ఇల్లు మారిన సభ్యులు కొత్త చిరునామా తెలపడం లేదని కార్యదర్శి గారు బాధపడుతున్నారు. చేప కూడా చిరునామా మోసుకు తిరుగుతోంది. మనం ఒక కార్డు ముక్క రాయలేమా?