వ్యానులో చేతికందని స్పార్కు ప్లగ్గు

బండి కొనునపుడు మనము రంగు చూతుము, సీట్లు చూతుము, లీటరుకు ఎన్ని కిలోమీటర్లు నడచునని అడుగుదుము. స్పార్కు ప్లగ్గులు ఎక్కడ నున్నవని అడుగువారు అరుదు. వ్యాను కొనువారు మాత్రము ఆ ప్రశ్న తప్పక అడుగవలెను.

కారులో ఇంజను సాధారణముగ ముందు బానెట్ క్రింద నుండును. వ్యానులో ఆ స్థలము మనుష్యులకును సామానునకును కావలసి వచ్చుటచే ఇంజనును సీట్ల క్రిందికి నెట్టిరి. మనవారందరెరిగిన మారుతీ వ్యాను 1984లో వచ్చి, 1988లో ఓమ్ని అను పేరు ధరించినది. 2019లో దాని తయారీ నిలిచిపోయినను, బడిపిల్లలను, కూరగాయల గంపలను మోయుచు ఇంకను మన వీధులలో తిరుగుచునే యున్నది. దాని 796 సి.సి.ల మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల క్రిందనే కలదు. 2010లో వచ్చిన ఈకోలోను అదే ఏర్పాటు. ఈ అవస్థ మన దేశమునకే పరిమితము కాదు. అమెరికాలోని ఫోర్డు ఇ-శ్రేణి వ్యానులలో ఇంజను సగము డ్రైవరు ప్రక్కకు చొచ్చుకొని వచ్చును. దానిపై నుండు మూతను అక్కడివారు కుక్కగూడు అందురు. వెనుకటి ప్లగ్గుల కొరకు ఆ గూడును ఊడదీసి, బండి లోపలినుండి చేయి దూర్చవలసినదే.

నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క ప్లగ్గు 1500 మార్లు నిప్పురవ్వ పుట్టించును. వేల వోల్టుల విద్యుత్తు ఇంచుమించు మిల్లీమీటరు సందును దూకును. దూకిన ప్రతిసారి లోహము రవ్వంత అరుగును, సందు పెరుగును. తుదకు ఒకనాడు రవ్వ తప్పును. మూడు సిలిండర్ల బండిలో ఒకటి మూగవోయినచో మూడవవంతు బలము పోయినట్లే. అంతటితో ఆగదు. కాలని పెట్రోలు పొగగొట్టములోనికి పోయి కెటలిటిక్ కన్వర్టరును వేడెక్కించి చెరచును. ప్లగ్గు ఖరీదు వందలలో నుండగా, కన్వర్టరు ఖరీదు వేలలో నుండును.

చేతికందిన ప్లగ్గులను మార్చి, అందనిదానిని "ఇది ఇంకను బాగుగనే యున్నది" అని విడిచిపెట్టుట మనలో చాలమందికి అలవాటు. దానిని బయటికి తీయకయే బాగుగ నున్నదని ఎట్లు తెలిసెనో మాకు బోధపడదు! అందని ప్లగ్గు మునుపటిసారియు అట్లే మిగిలి యుండవచ్చును గనుక, ముందుగ మార్చవలసినది దానినే.

రాత్రి నిలిపిన బండికి ఉదయము పని మొదలిడుట మేలు. సిలిండరు హెడ్డు అల్యూమినియముది. వేడిమీద ప్లగ్గు విప్పినచో హెడ్డులోని మర ఊడివచ్చు భయము కలదు. గ్యాసు బండియైనచో ముందుగ గ్యాసు వాల్వు కట్టివేయవలెను. తీగెను పట్టి లాగక దాని రబ్బరు తొడుగును పట్టి, కొంచెము త్రిప్పి తీయుడు. తీగెలను ఒక్కొక్కటిగనే తీసినచో తారుమారు కావు. ప్లగ్గు చుట్టునున్న దుమ్మును సైకిలు పంపుతో ఊదుడు. లేనిచో అది సిలిండరులో పడును.

పాత ప్లగ్గులను ఏ సిలిండరువి ఆ సిలిండరు వరుసలోనే పెట్టి చూడుడు. మూతి లేత గోధుమరంగుగ నున్నచో ఇంజను ఆరోగ్యముగ నున్నది. పొడిమసి పట్టినచో పెట్రోలు అధికముగ కాలుచున్నది. నూనె తడి కనబడినచో మెకానిక్కును పిలువవలసినదే. ప్లగ్గు మార్చుటతో ఆ రోగము కుదరదు.

క్రొత్తది ఎక్కించుటయే అసలు కష్టము. చేయి దూరని చోట స్పానరుతో బలవంతము చేసినచో ప్లగ్గు వంకరగ ఎక్కి హెడ్డు మరను కోసివేయును. అప్పుడు హెడ్డు విప్పవలసి రావచ్చును. బాడుగ మీద బ్రతుకు వ్యానువానికి కొన్ని దినముల సంపాదన పోవును. దీనికి చవుకయైన ఉపాయ మొకటి కలదు. జానెడు రబ్బరు పెట్రోలు గొట్టమును ప్లగ్గు తెల్లని పింగాణికి తొడిగి, ఆ గొట్టమును వ్రేళ్లతో త్రిప్పుడు. మర సరిగ కుదిరినచో ప్లగ్గు సులువుగ దిగును; కుదరనిచో గొట్టము జారునే గాని మర చెడదు. పూర్తిగ దిగిన పిమ్మటనే స్పానరు పట్టవలెను. వాషరు గల 14 మిల్లీమీటర్ల క్రొత్త ప్లగ్గునకు అచ్చటినుండి అర చుట్టు, హెచ్చైనచో మూడింట రెండు వంతుల చుట్టు చాలును. కండబలము చూపించుటకు ఇది చోటు కాదు.

ఇక సీటు క్రింది మూత. దీనిని పలువురు తేలికగ తీసికొందురు గాని, అది తెరచుకొనునది పిల్లలు కూర్చుండు గదిలోనికి. అంచు రబ్బరు చినిగినను, ఒక్క బోల్టు మరచినను, ఎచ్చటనో కారిన పొగ ఆ సందునుండి లోపలికి రాగలదు. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు. కనుక ముక్కును నమ్మక, రబ్బరును చుట్టంతయు కంటితో చూచి, వ్రేలితో తడిమి బిగించుడు. మూయుటకు ముందు, ప్లగ్గులు మార్చిన తేదీని, కిలోమీటర్ల అంకెను మూత లోపలివైపున పెయింటుతో వ్రాసి యుంచుడు. మరల దానిని విప్పువారికి అది కనబడును.