వెంట్రుకవాసి గెలుపు

ప్రత్యర్థిని కొద్దిలో ఓడించారని చెప్పడానికి ఇంగ్లీషులో క్రియలు చాలానే ఉన్నాయి. నాకు బాగా నచ్చేవి గుర్రప్పందాలతో ముడిపడినవే. గుర్రం ముక్కు మేర ముందుండి గెలిస్తే ‘నోజ్ అవుట్’. చివరి క్షణంలో గెలుపు లాగేసుకుంటే ‘పిప్ ఎట్ ది పోస్ట్’. పోస్ట్ అంటే పందెం ముగిసేచోట పాతిన స్తంభం. ‘ఎడ్జ్ అవుట్’ మాత్రం ఎన్నికలకూ, క్రికెట్‌కూ, వ్యాపారానికీ పనికొస్తుంది.

1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ గుర్తుందా? మహిళల 400 మీటర్ల హర్డిల్స్‌లో రుమేనియా క్రీడాకారిణి కోజొకారు 55.41 సెకన్లలో గీత దాటింది. మన పి.టి. ఉషకు పట్టింది 55.42. సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం చేజారింది! అలాంటిచోట చిత్తుగా ఓడించారనే అర్థమిచ్చే ‘థ్రాష్’ రాస్తే శుద్ధ తప్పు, ‘డిఫీట్’ అన్నా చాలదు. ‘పిప్’ అనే రాయాలి.