కొమ్ములు ఎవరివి?

(సాంస్కృతిక ఉత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



సైతాను బొమ్మ గియ్యమని ఒక్కొక్కరికి ఒక కాగితం ఇస్తే మనమంతా దాదాపు ఒకే బొమ్మ గీస్తాం. రెండు కొమ్ములు, మేక కాళ్ళు, తోక, చేతిలో శూలం. ఎవరూ చూసింది లేదు, అయినా అందరికీ తెలుసు. ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ రోజు మన మాట. ఇందులో ఎక్కువ భాగం దూర దేశాల సంగతే. మనకెందుకు అంటారా, కాస్త ఓపిక పట్టండి.

ముందే ఒకటి చెప్పుకుందాం. మనలో పెన్‌ను కొలిచేవాళ్ళున్నారు, గుడికి పోయేవాళ్ళున్నారు, ఆదివారం చర్చికి పోయేవాళ్ళున్నారు. ముగ్గురూ ఒకే ఇంట్లో అన్నం తినే ఇళ్ళూ ఉన్నాయి. ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయడానికి మనం ఇక్కడ కూర్చోలేదు. ఒక బొమ్మ చరిత్ర చెప్పుకుంటున్నాం, అంతే.

మేక కాళ్ళ సైతాను బైబిల్లో ఎక్కడా లేడు. ఆదికాండంలో పాము ఉంది, ప్రకటన గ్రంథంలో ఏడు తలలు, పది కొమ్ములున్న ఘటసర్పం ఉంది. యోబు గ్రంథంలో సాతాను దేవుని కొలువులోకే వచ్చి నిలబడతాడు, యోబు భక్తిని పరీక్షించమని వాదిస్తాడు. హీబ్రూలో ఆ మాటకు ఎదిరించేవాడు, నేరం మోపేవాడు అని అర్థం. కోర్టులో సర్కారు వకీలు లాంటి పని. తెలుగు బైబిల్లో ‘అపవాది’ అన్న మాట ఉంది చూశారా, అది ఆ పాత అర్థానికి చాలా దగ్గర. ఇక ‘లూసిఫర్’ అంటే లాటిన్‌లో వేకువచుక్క. యెషయా గ్రంథంలో ఆ మాట బబులోను రాజును ఎత్తిపొడుస్తూ వచ్చింది. అది సైతాను పేరుగా మారింది తర్వాతి వ్యాఖ్యానాల వల్ల.

మరి కొమ్ములు ఎవరివి? పక్క ఊరి దేవుళ్ళవి.

బయెల్జెబూలు పేరు చర్చికి పోయేవాళ్ళు విని ఉంటారు. సువార్తల్లో అతను దయ్యాల అధిపతి. కానీ రాజుల రెండవ గ్రంథం మొదటి అధ్యాయం తీసి చదవండి. అహజ్యా అనే రాజు మేడ గది కిటికీలోంచి కింద పడి మంచం పట్టాడు. బతుకుతానా లేదా అడిగి రమ్మని ఎక్రోను ఊరి దేవుడు బయల్జెబూబు దగ్గరికి మనుషుల్ని పంపాడు. మన ఇళ్ళల్లో జబ్బు చేస్తే పక్క గూడెం వేల్పు దగ్గరికి పోయి అడిగి రావడం లేదా, అలాగే. అంటే అతను అప్పటికి ఒక ఊరి దేవుడు, జనం నమ్మి వెళ్ళే దేవుడు. 1929లో సిరియా తీరంలో ఉగరిత్ అనే పాత పట్టణం తవ్వకాల్లో మట్టి పలకలు దొరకడం మొదలైంది. వాటిలో బయలు దేవుణ్ణి ‘జెబుల్’ అని పిలిచారు, దొర అని అర్థం. హీబ్రూలో ‘జెబూబు’ అంటే ఈగలు. ‘దొర బయలు’ను వెక్కిరించి ‘ఈగల బయలు’ చేశారని చాలామంది పండితుల అభిప్రాయం. మొదట పేరు వంకర తిప్పారు. తర్వాత పదవి మార్చారు.

ఇంకో పని అనువాదం చేసింది. ఒక కీర్తనలో అన్య జనుల దేవుళ్ళు వట్టివి అని హీబ్రూ మాట. గ్రీకులోకి తిప్పినప్పుడు అక్కడ ‘దైమోనియా’ అని పెట్టారు. అప్పటికి గ్రీకుల్లో ‘దైమోన్’ చెడ్డ మాట కాదు. మనిషికీ దేవుళ్ళకూ నడుమ తిరిగే శక్తి అది. సోక్రటీస్ తనను తప్పుల నుంచి ఆపే లోపలి గొంతును అదే మాటతో చెప్పుకున్నాడు. క్రైస్తవం పెరిగాక ఆ మాటకు చెడ్డ అర్థం ఒక్కటే మిగిలింది.

నవ్వకండి, తెలుగులోనూ ఇదే జరిగింది. ‘దయ్యం’ అనే మాట ‘దైవం’ నుంచి పుట్టింది. బ్రౌన్ నిఘంటువు తీసి చూడండి, ఆ మాటకు దేవత అనే అర్థం కూడా కనిపిస్తుంది. ఒకే తల్లికి ఇద్దరు పిల్లలు, ఒకరు గర్భగుడిలో, ఒకరు చింతచెట్టు మీద. ఇరాన్ వాళ్ళ అవెస్తాలో ‘దయేవ’లు చెడ్డవాళ్ళు, మన దేశంలో ‘దేవ’లు పూజలందుకునేవాళ్ళు. ఇదీ ఒకే మాటే.

బొమ్మ సంగతికి వద్దాం. క్రైస్తవం మొదలైన తొలి కొన్ని వందల ఏళ్ళు సైతాను బొమ్మ వేసినవాళ్ళు దాదాపు లేరు. ఇటలీలో రవెన్నా అనే ఊరి చర్చిలో 6వ శతాబ్దపు రంగురాళ్ళ చిత్రం ఒకటుంది. క్రీస్తుకు ఒక పక్క గొర్రెలు, వాటి దగ్గర ఎర్రని దేవదూత. ఇంకో పక్క మేకలు, వాటి దగ్గర నీలి దేవదూత. ఆ నీలి దూతే సైతాను తొలి బొమ్మ అని కొందరంటారు. అదే నిజమైతే తొలి సైతాను అందగాడు, తల చుట్టూ వెలుగు వలయం కూడా ఉంది. కొమ్ముల్లేవు.

కొమ్ములూ గిట్టలూ తర్వాత చేరాయి. గ్రీకు కొండల్లో గొర్రెల కాపర్ల దేవుడు పాన్. నడుం కింద మేక, పైన మనిషి, నెత్తిన కొమ్ములు, చేతిలో పిల్లనగ్రోవి. అడవిలో కారణం లేకుండా గుండె ఝల్లుమంటే పాన్ వచ్చాడనేవారు. ఇంగ్లీషులో ‘ప్యానిక్’ అనే మాట అక్కడిదే. సైతాను మొత్తం పాన్ నుంచే దిగాడని కొన్ని పుస్తకాలు రాస్తాయి. అది మరీ తేలిక లెక్క. ఫ్రాన్స్ ప్రాంతంలో జింక కొమ్ముల దేవుడు సెర్నున్నోస్ ఉన్నాడు. అతని పేరు చెక్కిన రాతి స్తంభం 18వ శతాబ్దం మొదట్లో పారిస్ నోట్రడామ్ చర్చి కిందే బయటపడింది. కాపర్ల దేవుడు, అడవి దేవుడు, మందల దేవుడు, అందరి దగ్గరా కాస్త కాస్త తీసుకుని ఆ బొమ్మ తయారైంది. తీసుకున్నది మాత్రం ఎప్పుడూ ఓడిపోయినవాళ్ళ దగ్గరే.

ఇది బొమ్మతో ఆగలేదు. 8వ శతాబ్దంలో జర్మనీ ప్రాంతపు సాక్సన్ జనానికి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు చెప్పించిన ప్రమాణం ఒకటి వాళ్ళ భాషలోనే మిగిలింది. సైతానును వదులుతున్నావా అని మొదలుపెట్టి, థునేర్, వోడెన్, సాక్స్‌నోట్, వాళ్ళ వెంట ఉన్న దయ్యాలందరినీ వదులుతున్నాను అనిపించేవారు. ఆ మూడు పేర్లూ ఆ మనిషి తాత మొక్కిన పేర్లు. తాత నోట దేవుడు, మనవడి నోట దయ్యం. మధ్యలో ఉన్నది ఒక్క తరమే.

ఇందులోనే మెత్తని దారి కూడా ఉంది. 601లో పోప్ గ్రెగొరీ ఇంగ్లండుకు పోతున్న తన మనుషులకు ఉత్తరం రాశాడు. గుడులు పడగొట్టకండి, విగ్రహాలు తీసేసి పవిత్ర జలం చల్లి వాడుకోండి, ఎడ్లను కోసి విందు చేసుకునే అలవాటును చర్చి పండుగకు తిప్పండి అని. సైతానుకు ఇచ్చే బలి దేవుడి పేరు మీద విందు కావాలని అతని ఆలోచన. తెలివైన ఉత్తరం. మొరటుగా కూల్చేవాడికంటే ఇలాంటివాడి దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలని మన అభిప్రాయం. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

దక్షిణ అమెరికా ఆండీస్ కొండల్లో కథ ఇంకోలా తిరిగింది. అక్కడి కెచువా భాషలో ‘సుపాయ్’ అనే శక్తి మంచిదీ కావచ్చు, చెడ్డదీ కావచ్చు. స్పెయిన్ పాదిరీలు ఆ మాటను సైతానుకు పెట్టేశారు. ఈనాటికీ బొలీవియా గనుల్లో, సొరంగాల లోపల కొమ్ములున్న మట్టిబొమ్మ కూర్చుని ఉంటుంది. గని కార్మికులు దానికి కోకా ఆకులు, సిగరెట్లు, సారా పెడతారు. పేరు ‘ఎల్ తియో’. స్పానిష్‌లో ఆ మాట అమ్మ తమ్ముడికీ నాన్న తమ్ముడికీ చెల్లుతుంది. పైన భూమ్మీద చర్చి దేవుడు, కింద చీకట్లో ఈ మామ. సైతాను అని పేరు పెట్టి ఇస్తే వాళ్ళు చుట్టరికం కలుపుకున్నారు.

మన దేశానికి రండి. తుళునాడులో భూతకోలం ఆడతారు, ఆ జనం ఆ శక్తుల్ని ‘దైవ’ అనే పిలుస్తారు. ఏ.సి. బర్నెల్ అనే ఇంగ్లీషు అధికారి సేకరించిన ఆ పాటలు, కథలు 1894 నుంచి ఒక పత్రికలో అచ్చయ్యాయి. వాటికి పెట్టిన పేరుకు తెలుగు చెబితే ‘తుళువుల దయ్యాల పూజ’. సేకరణ గొప్పదే, మనం వాడుకోవలసిందే. పేరు మాత్రం వాళ్ళ కళ్ళద్దాల్లోంచి పెట్టింది.

ఇప్పుడు మన గుస్సాడీని తలచుకోండి. నెమలి ఈకల టోపీ, దానికి కొమ్ములు, ఒంటి నిండా బూడిద, మేక తోలు. గోదావరి వైపు కోయ అన్నదమ్ములు అడవిదున్న కొమ్ములు పెట్టుకుని ఆడతారు. ఏమీ తెలియనివాడికి ఇందాక కాగితం మీద గీసిన బొమ్మే కనిపిస్తుంది. 2021లో గుస్సాడీ కనకరాజుకు పద్మశ్రీ వచ్చింది. అదే వేషం ఫోటోను ఫోన్‌లో పెట్టి కింద ‘దయ్యాలు’ అని రాసేవాళ్ళు నేటికీ ఉన్నారు. వాళ్ళ మీద కోపం వస్తుంది, రావాలి కూడా.

కానీ కోపంలో ఒక లెక్క మరిచిపోతున్నాం. ఐరోపాలో ఈ బొమ్మ గోడల మీద ఆగలేదు, పొరుగింటి గుమ్మం దాకా వచ్చింది. సైతానుతో ఒప్పందం చేసుకున్నారని 15 నుంచి 18వ శతాబ్దం దాకా సుమారు 40,000 నుంచి 60,000 మందిని చంపారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. వాళ్ళ మీద నేరం మోపింది చాలాసార్లు పక్కింటివాళ్ళే. పాలు విరిగాయని, బిడ్డకు జ్వరం వచ్చిందని. ఆ మాటలు మనకు కొత్తవా? చేతబడి, చిల్లంగి, బాణామతి అని ఒంటరి ముసలమ్మ వైపు వేలు చూపించేది పట్నం నుంచి వచ్చినవాడు కాదు. మన గూడెంలో మన మనిషే. మన పెన్‌ను దయ్యమంటే ఊరేగింపు తీస్తాం. మన పెద్దమ్మను మంత్రగత్తె అంటే తలుపేసుకుంటాం. రెండింటిలో ఉన్నది ఒకే పని, ఇంకొకరి ముఖానికి కొమ్ములు తగిలించడం. ఈ మాట ఇక్కడ చెప్పడం కొందరు పెద్దలకు నచ్చదని తెలుసు. అయినా మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాం?

చివరగా ఒక డోలు కథ. నార్వే ఉత్తర కొసన సామీ అనే ఆదివాసీ జనం ఉన్నారు, రెయిన్‌డీర్ మందలు మేపుకునేవాళ్ళు. ఆ ఫిన్‌మార్క్ ప్రాంతంలో 17వ శతాబ్దంలో మంత్రవిద్య పేరుతో 91 మందిని చంపారు. 1692లో అండర్స్ పౌల్సెన్ అనే సామీ వృద్ధుణ్ణి వాద్సో ఊళ్ళో విచారణకు నిలబెట్టారు. నేరం డోలు వాయించడం. ఆయన కోర్టులో డోలు మీది గీతలన్నింటికీ అర్థం చెప్పాడు. వాటిలో క్రీస్తు కూడా ఉన్నాడు. తీర్పు రాకముందే మతి చెడిన ఒకడు ఆయన్ను గొడ్డలితో చంపేశాడు. డోలు డెన్మార్క్ రాజు సేకరణకు చేరింది. సామీలు అడుగుతూనే ఉన్నారు. 1979లో అది అప్పుగా మాత్రం వాళ్ళ కారస్యోక్ మ్యూజియంకు వచ్చింది. సొంతంగా చేతికి వచ్చింది 2022లో.

ఆ డోలు ఫోటో పెద్దది తీయించి ఆ బల్ల మీద పెట్టాం. దగ్గరికి వెళ్ళి చూడండి, ఒక్కో గీత ఏమై ఉంటుందో మీలో మీరు మాట్లాడుకోండి. మన డోలు వాళ్ళు బయట చాలాసేపటి నుంచి ఎదురుచూస్తున్నారు, వాళ్ళను లోపలికి పిలుద్దాం. జోహార్.