పెరట్లో అడవినాభి

బండి ఆత్మకూరు నుంచి ఓంకారం దారి పట్టి నల్లమల అంచుకు చేరితే, వానాకాలంలో పొదల మీద మంటలాంటి పూలు కనబడతాయి. అదే అడవినాభి. అగ్నిశిఖ అనీ అంటారు. ఆరు రేకలూ వెనక్కి విరుచుకుని, అడుగున పసుపు, కొసన ఎరుపు. రోజులు గడిచేకొద్దీ పువ్వంతా ఎర్రబారుతుంది. ఈ తీగకు వేరే నులితీగలు లేవు, ఆకు కొసే మెలితిరిగి కంచెను పట్టుకుంటుంది!

దుంప నాగలిలా వంగి ఉంటుంది. సంస్కృతంలో లాంగలి అన్నది అందుకే. మొలక దాని కొసల్లో ఉంటుంది, కొస విరిగితే మొక్క రాదు. తొలకరికి రెండంగుళాల లోతున అడ్డంగా పడుకోబెట్టండి. మన నల్లరేగడిలో నీరు నిలిస్తే కుళ్లిపోతుంది, ఇసుక, పశువుల ఎరువు ధారాళంగా కలపాలి. పూత అయ్యాక తీగ ఎండితే చచ్చిందనుకుని పీకేయకండి. నీళ్లు ఆపేస్తే చాలు, మళ్లీ వానలకు లేస్తుంది.

ఒక్క మాట. మొక్కంతా విషమే, కోల్చిసిన్ ఉంటుంది. దుంపను గెనుసుగడ్డ అనుకుని తింటే ప్రాణం పోతుంది. పసిపిల్లలు, మేకలు తిరిగే ఇంట్లో వద్దు. దుంప ముట్టేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. అడవిలో తవ్వకండి, నర్సరీలో అడగండి. తమిళనాడులో దీన్ని గింజల కోసం పొలాల్లోనే పందిరి మీద పెంచుతున్నారు.